మూడో అవకలజం

ఉదయం ఏడూ పది. డలూత్ కొండ మీద ఇంకా రాత్రే.
సరస్సు ఎటుందో చీకట్లో దాని చలే చెబుతుంది.
తరగతిలో ఐదుగురు.
బూట్ల కింద కరిగిన మంచు, ఐదు చిన్న మడుగులు.

వీళ్ళకు చెప్పనిది ఒకటుంది:
ఈ పాఠం నాకూ కొత్తే.
ఇరవయ్యేళ్ళు పిల్లల చేత కప్పలు కోయించినదాన్ని.
ఓయాలా గారు రిటైరై వెళ్తూ
అలమర తాళంచెవీ లావుపాటి పుస్తకమూ నా బల్ల మీద పెట్టారు.
కప్పల నుంచి కప్పీలకు నా ప్రమోషన్.
వంటింట్లో అర్ధరాత్రి దాకా లెక్కలు కట్టి
పిల్లలకంటే ఒక్క రాత్రి ముందు నడుస్తున్నాను.
ఒక్కోసారి ఆ రాత్రీ చాలదు.

సెప్టెంబరులో తొమ్మిది మంది.
"ఘర్షణ లేదనుకోండి" అంటే నవ్వారు.
జనవరిలో అనుకోనక్కర్లేదు.
డెస్మండ్ వాళ్ళ పికప్, వీధి వాలు మీద,
బ్రేకు మీద కాలుండగానే
మర్యాదగా పక్కకు తిరిగి, తీరిగ్గా జారి
ఒక నీలం పోస్టుడబ్బాను కావలించుకుంది.
మర్నాడు వాడే బోర్డు మీద కోణం గీసి
ఘర్షణ గుణకం తేల్చాడు.
"ఈ జవాబు మా నాన్నకి మాత్రం చూపించకండి" అన్నాడు.

తర్వాతి అధ్యాయం పేరు: జారకుండా దొర్లడం.
సరిగ్గా అక్కడే నలుగురు జారిపోయారు.

మారిట్ జారలేదు. మాట్లాడదు కూడా.
సమాకలనం చివర స్థిరాంకం ప్రతిసారీ మరిచిపోతుంది.
"ఎక్కడ మొదలైందో చెప్పకపోతే
ఇప్పుడెక్కడుందో ఎలా చెబుతావు?" అని ఎర్రసిరాతో రాస్తాను.
ఒకసారి దాని కింద పెన్సిలుతో జవాబు:
"సున్నా దగ్గర. మా ఇంట్లో ఎప్పుడూ సున్నా దగ్గరే."
ఎర్రపెన్ను మూత పెట్టేశాను.

మార్చి ఆఖరి వారం. ఓడలు మొదలయ్యాయి.
కప్పీకి చెరోవైపు బరువులు, త్వరణం ఎంత?
అది శరత్కాలపు లెక్క, పరీక్ష కోసం మళ్ళీ తీశాను.
మారిట్ చెయ్యెత్తింది, ఏడాదిలో మొదటిసారి.
"మా అమ్మ ఉద్యోగం ఇదే."

శనివారం ఐదుగురినీ వెంటబెట్టుకుని వెళ్ళాను.
వంతెన మధ్యన గది, గాజు కిటికీలు, డార్లా క్విట్టెమ్.
రాత్రి షిఫ్టు దిగాల్సిన మనిషి మా కోసం ఆగింది.
వంతెన ఎంత బరువో
తీగలకు అవతల వేలాడే కాంక్రీటు దిమ్మలూ అంతే.
"తూకం కుదిరితే మోటారుకు పనేముంది,
ఘర్షణతో తగువాడ్డం తప్ప?
మంచు పడిన రోజు మాత్రం ఇది బద్ధకిస్తుంది."

సరస్సు మీంచి ఓడ కూత, ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు.
ఆమె అదే లయలో బదులు పలికింది.
లేచాం.
రోడ్డూ, మేమూ, థర్మాస్‌లో కాఫీ, గోడకు తగిలించిన ఆమె కోటూ
అన్నీ కలిసి పైకి.

ఎలా లేపుతుందో అరచేత్తో గాలిలో చూపింది:
మొదట మెల్లగా, నడుమ తొందరగా, చివర మళ్ళీ మెల్లగా.
మా ఊపిరికి మసకబారిన అద్దం మీద
మారిట్ ఆ చేతిని వంపుగా గీసింది.
దాని కింద వేగం.
దాని కింద త్వరణం.
పుస్తకం అక్కడే ఆగుతుంది, నేనూ అక్కడి దాకే చదివాను.
మారిట్ ఇంకొకటి గీసింది.

"ఇదేంటే?"
"కుదుపు. నీ మోకాళ్ళకు తెలిసేది."

డార్లా చాలాసేపు చూసింది, ఒక చెయ్యి మీట మీదే ఉంచి.
తర్వాత చివరి గీత మీద ఒకచోట వేలు పెట్టింది:
"ఇక్కడ తప్పు. ఇంత మొనదేలి ఉండదు.
నేనుండగా ఉండదు."

మారిట్ చొక్కా చేతితో తుడిచి, గుండ్రంగా దిద్దింది.
మా కాళ్ళ కింద ఓడ పోతూనే ఉంది, అంత పొడుగు.

ఈ రాత్రికి నేను మూడో అవకలజం గురించి చదవాలి.
మేలో పరీక్ష.
అందులో ఇది అడగరు.